కాటా ఎక్కని బల్ల

ఆఫీసుల్లో నలభై యాభై ఏళ్లు పనిచేసి ‘కండెమ్’ అయిపోయిన ఇనుప టేబుళ్లు ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ రోడ్డు మీదికొస్తాయి. సాయంత్రానికి తుక్కు కాటా ఎక్కుతాయా... ఏదో ఒక ఇంట్లో చదువుల బల్లగా మారతాయా? తేలేది ఆ కొన్ని గంటల్లోనే!

ఆదివారం. ఉదయం ఏడు కూడా కాలేదు. హైదరాబాద్ ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ చుట్టుపక్కల అప్పుడే సందడి మొదలైంది. ఒకచోట గుట్టగా పోసిన స్పానర్లు. ఇంకోచోట చెవుల్లేని తాళాలు, తాళాల్లేని చెవులు. పాత మోటార్లు, మిక్సీ జార్లు, సైకిల్ చక్రాలు, ఏ టీవీదో తెలియని రిమోట్లు... ఇంట్లో పనికిరాదనుకున్న ప్రతి వస్తువుకీ ఇక్కడ ఏదో ఒక ధర ఉంటుంది. అడిగేవాడు రావాలంతే.

ఆ వరసలోనే ఓ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నలుగురు పట్టి మూడు టేబుళ్లు దించారు. మూడూ ఇనుపవే. అందులో ఒకదాన్ని కాళ్లు పైకి పెట్టి రోడ్డు వార వెల్లకిలా పడుకోబెట్టారు. ముదురాకుపచ్చ రంగు. ఒకవైపు మూడు సొరుగులు, ఇంకోవైపు తలుపున్న అర. పక్క రేకు మీద తెల్ల పెయింటుతో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఏ ఆఫీసుదో తెలియదు. చివర ఉన్న సంవత్సరం మాత్రం చక్కగా కనిపిస్తోంది... 1974.

ఐదు నిమిషాలు గడవకముందే దాని చుట్టూ ఇద్దరు చేరారు. ఒకరు పాత ఇనుము వ్యాపారి. ఆయన సొరుగులు లాగి చూడలేదు. రంగు చూడలేదు. ఓ మూల పట్టుకుని కాస్త లేపి, బరువు అంచనా వేసుకున్నాడు. రెండో ఆయన రిటైరైన ప్రభుత్వోద్యోగి. వెంట పోటీ పరీక్షలకు చదువుతున్న కూతురు. ఆయన వంగి సొరుగు లాగాడు. రాలేదు.

‘‘ఎంత చెప్తున్నావ్ భయ్యా?’’

‘‘మూడు వేలు సార్. గేజ్ జూడుండ్రి. ఇప్పుడీ రేకు యాడ దొరుకుతది?’’

‘‘సొరుగే రావట్లేదు కదయ్యా.’’

‘‘జంగు పట్టింది సార్. రెండు చుక్కల నూనె ఎయ్యాలె, గంతే.’’

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ‘‘ఇదెందుకు నాన్నా? రంగంతా పోయింది. ఆన్‌లైన్‌లో కొత్తది చూశాను కదా.’’

‘‘రంగు పోయిందమ్మా... బల్ల పోలేదు’’ అన్నాడాయన.

పాత ఆఫీసు టేబుళ్ల వ్యాపారమంతా ఈ రెండు చూపుల మధ్యే నడుస్తుంది. ఒకరికది అరవై కిలోల ఇనుము. ఇంకొకరికది బల్ల. ఎవరు ముందొస్తే, ఎవరు పది రూపాయలు ఎక్కువిస్తే దాని దారి అటు!

సంతకం పడితేనే సెలవు

ఇనుప టేబుల్‌కి తుప్పు పట్టినంత మాత్రాన ఆఫీసులోంచి బయటికి రాదు. అదంత తేలిక కాదు. దానికి స్టాకు రిజిస్టర్‌లో ఓ నంబరు ఉంటుంది. ఆ నంబరే దాని పక్కన పెయింటుతో రాస్తారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం, ఒక వస్తువు మిగులుదనో పనికిరానిదనో ప్రకటించాలంటే అలాంటిదాన్ని కొనే అధికారం ఉన్న అధికారే కారణం రాయాలి. అంటే కొనడానికి ఎంత పెద్ద సంతకం కావాలో, వదిలించుకోవడానికీ అంతే పెద్ద సంతకం కావాలన్నమాట. ఆ తర్వాత టెండరో వేలమో. ఇప్పుడు చాలా వేలాలు ఆన్‌లైన్లోనే జరుగుతున్నాయి. 1964లో ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఇలాంటి ఈ-వేలాలు నిర్వహిస్తుంటుంది.

ఈ తతంగమంతా పూర్తయ్యేసరికి టేబుళ్లు వరండాలో ఎండకు ఎండి, వానకు తడిసి ఉంటాయి. ఆఫీసు గదిలో ముప్పై ఏళ్లలో పట్టని తుప్పు, వరండాలో రెండు వానాకాలాల్లో పడుతుంది! వేలంలో ఒక్కో టేబుల్ అమ్మరు. ‘లాటు’ అమ్ముతారు. విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ ర్యాకులు, ఫ్యాన్ రెక్కలు, వాటితోపాటే ఈ టేబుళ్లు. లాటు పాడుకున్నవాడు అందులో బాగున్నవాటిని ఏరి సంతకు పంపిస్తాడు. మిగిలింది తుక్కు.

ఆఫీసులు రూపం మార్చుకున్నప్పుడల్లా ఈ బల్లలు బయటపడుతూనే ఉన్నాయి. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి. టైప్‌మిషన్ కోసం చేసిన బల్ల మీద మానిటర్ పెడితే కీబోర్డుకి చోటు చాలదు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఎన్నో ఆఫీసులు రెండయ్యాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు వెలగపూడికి తరలివెళ్లారు. 2020లో హైదరాబాద్‌లో పాత సచివాలయాన్ని పడగొట్టారు. 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభమైంది. ఆఫీసు ఏదైనా సామాన్లు సర్దే రోజున ఎదురయ్యే ప్రశ్న ఒకటే... ‘ఈ టేబుల్ తీసుకెళ్లాలా, వదిలేయాలా?’ కొత్త భవనాల్లో వరసగా అమర్చిన క్యాబిన్లుంటాయి. మోకాళ్లకు తగిలే ఇనుప సొరుగులకు అక్కడ చోటుండదు.

పుట్టిల్లు పక్కనే

ఎర్రగడ్డ సంతలో ఇనుప బల్లను చూస్తే పాత హైదరాబాదీలకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. పక్కనే సనత్‌నగర్. ఒకప్పుడు ఆల్విన్ కర్మాగారం ఉన్న చోటు. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి భాగస్వామ్యంతో 1942లో ‘ఆల్విన్ మెటల్ వర్క్స్’గా మొదలైంది ఆ సంస్థ. ఇనుప ఫర్నిచర్ తయారుచేసింది. బస్సులకు బాడీలు కట్టింది. తర్వాత ఫ్రిజ్‌లు, జపాన్ సీకో సాంకేతికతతో చేతి గడియారాలూ చేసింది. ఒక తరం ఉద్యోగుల ఇళ్లలో ‘ఆల్విన్’ అన్న అక్షరాలు ఏదో ఒక వస్తువు మీద కనిపించేవి. 1990లలో దాని ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. ఆ దశాబ్దంలోనే సంస్థ ప్రస్థానం ముగిసింది. ఇప్పుడు ఆల్విన్ అంటే కూకట్‌పల్లి వైపు ఓ కాలనీ, మియాపూర్ దగ్గర ఓ చౌరస్తా.

దేశమంతటా ఎక్కువగా వినిపించిన పేరు మాత్రం గోద్రెజ్. 1897లో తాళాలతో మొదలైన ఆ సంస్థ 1923లో ఉక్కు బీరువాలు చేయడం ప్రారంభించింది. మన ఇళ్లలో ఆడపిల్లకు సారెతోపాటు బీరువా పెట్టడం ఆనవాయితీగా మారిందంటే, ఆ పేరు ఎంతగా నాటుకుపోయిందో అర్థమవుతుంది. ఏ కంపెనీ బీరువా అయినా గోద్రెజ్ బీరువానే అనేవాళ్లున్నారు. దేశపు తొలి సార్వత్రిక ఎన్నికలకు (1951-52) ముంబయి శివారు విక్రోలిలో 12 లక్షలకు పైగా ఉక్కు బ్యాలెట్ పెట్టెలు తయారుచేసిందీ ఈ సంస్థే. 1955లో టైప్‌రైటరూ తెచ్చింది. అంటే క్లర్కు కూర్చునే బల్ల, దాని మీద టైప్‌మిషన్, వెనక బీరువా, దానికి వేసే తాళం... నాలుగూ ఒకే సంస్థవి ఉన్న ఆఫీసు గదులకు కొదవ లేదు!

ఈ పెద్ద పేర్లు కాక, ఊరూరా చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులూ ఇదే నమూనాలో టేబుళ్లు చేసి ఆఫీసులకిచ్చాయి. సంతకొచ్చేవాటిలో పేరు లేని బల్లలు అందుకే ఎక్కువ. పేరు లేదని తీసిపారేయక్కర్లేదు. రేకు మందం బాగుంటే చాలంటారు తెలిసినవాళ్లు.

నిప్పుకు భయపడి...

అసలు చెక్క బల్ల ఉండగా ఇనుప బల్ల ఎందుకొచ్చినట్టు? తక్కువ ధరకు వస్తుందని కాదు. నిప్పు భయంతో! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా నగరాల్లో ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి. అన్ని అంతస్తుల్లోనూ చెక్క బల్లలు, కాగితాల గుట్టలు, పక్కనే సిగరెట్లు కాల్చే గుమాస్తాలు. చిన్న నిప్పురవ్వ చాలు. చెక్క ఫర్నిచర్‌కు పేరుపడ్డ మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణంలో 1912లో ‘మెటల్ ఆఫీస్ ఫర్నిచర్ కంపెనీ’ పుట్టింది. అది 1914లో తెచ్చింది బల్ల కాదు... ఇనుప చెత్తబుట్ట! ఆర్పని సిగరెట్ పడినా అంటుకోదు. మరుసటేడు బోస్టన్‌లో కొత్తగా కట్టిన కస్టమ్ హౌస్ టవర్ కోసం 200 ఇనుప బల్లల ఆర్డరు దక్కింది. ఆ కంపెనీయే 1954లో ‘స్టీల్‌కేస్’గా పేరు మార్చుకుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా ఆఫీసులన్నీ ఇలాంటి బల్లలతో నిండిపోయాయి. యుద్ధ ట్యాంకంత దృఢంగా ఉంటాయని వాటికి ‘ట్యాంకర్ డెస్క్’ అన్న ముద్దుపేరు కూడా వచ్చింది. ఇప్పుడక్కడ వాటిని వెతికి కొని, పాత రంగంతా గీరేసి, ఇనుము మెరుపు కనిపించేలా పాలిష్ చేసి ఇళ్లలో పెట్టుకునే సరదా ఉంది.

మన దగ్గర నిప్పుతోపాటు ఇంకో శత్రువు... చెద. వానాకాలంలో రికార్డు గదిలో చెద పడితే చెక్క బీరువాతోపాటు అందులోని ఫైళ్లూ మట్టైపోతాయి. ఇనుమును చెద తినదు. అందుకే మన ఆఫీసులు దాన్ని అంతలా నమ్ముకున్నాయి.

వేలితో కొట్టి... అయస్కాంతం పెట్టి

సంతలో పాత బల్ల కొనడమూ ఓ విద్యే. ఇనుప టేబుల్ బలం ఇనుములో కన్నా మడతలో ఎక్కువ ఉంటుంది. రేకు మందం చూస్తే మిల్లీమీటరు అటూ ఇటూ. 18 గేజ్ అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు, 22 గేజ్ అంటే 0.7. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచన. ఇంత పలచటి రేకు అంత బరువు మోస్తుందంటే, అంచులు మడిచి, లోపల పట్టీలు పెట్టి అతికించడం వల్లే. కాబట్టి మధ్యలో సొట్ట పడితే భయం లేదు. మడతలో తుప్పు తొలిచేస్తే మాత్రం వదిలేయాల్సిందే.

అందుకే తెలిసినవాళ్లు ముందు బల్లను తిరగేస్తారు. కాళ్ల అడుగుభాగం చూస్తారు. ఆఫీసులో ఏళ్ల తరబడి నేల కడిగిన నీళ్లు తగిలేది అక్కడే. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే పెళుసుగా రాలితే ఇనుము పోయినట్టు. పైపొర మాత్రమే రాలి కింద గట్టిగా తగిలితే బాగుచేయొచ్చు. తర్వాత వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఇనుము ఖంగుమంటుంది. మెత్తటి చప్పుడొస్తే లోపల లప్పం దట్టించారన్నమాట. అనుమానం తీరకపోతే చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లాలి. రేకుకు గట్టిగా అంటుకునే అయస్కాంతం, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. రంగేసి కొత్తదిగా చూపించే బల్లల గుట్టు దాంతో బయటపడుతుంది.

ఇక సొరుగులు. బిగుసుకుపోయిన సొరుగు పెద్ద సమస్య కాదు. ఛానల్‌లో మట్టి, ఎండిపోయిన గ్రీజు ఉంటాయి. కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు రాస్తే కదులుతుంది. ఛానలే వంగిపోతే ఖర్చు. తాళం చెవి లేకపోయినా ఇబ్బంది లేదు. తాళం ముఖం మీద నంబరుంటే ఆ నంబరుతో చెవి చేయించుకోవచ్చు. లేదంటే కొత్త తాళం బిగించుకోవచ్చు.

ఆ ఆకుపచ్చ బల్లకు ఈ పరీక్షలన్నీ చేశాడా రిటైర్డ్ ఉద్యోగి. వెనక కాలు దగ్గర తుప్పుంది. మడత గట్టిగానే ఉంది. ఓ సొరుగు బిగుసుకుపోయింది. పై రేకు మీద అతికించిన లినోలియం అంచులు లేచిపోయాయి. మూడు వేల దగ్గర మొదలైన బేరం రెండు వేల నాలుగు వందల దగ్గర ఆగింది. తుక్కు వ్యాపారి ఓ నవ్వు నవ్వి, మిగతా రెండింటి వైపు తిరిగాడు.

రంగు కింద రంగు

బల్ల అక్కడి నుంచి ఆటోలో బోరబండ వైపు ఓ ఇరుకు సందులోకి చేరింది. కార్లకు, ఆటోలకు సొట్టలు తీసి రంగులేసే షెడ్డు అది. పెయింటర్‌కు అరవై దాటి ఉంటాయి. బస్తీలో అందరూ చాచా అని పిలుస్తారు. పని మొదలయ్యేది రంగు డబ్బాతో కాదు... సుద్దముక్కతో. సొరుగులు ఊడదీసి, ఏది ఎక్కడిదో వెనక నంబర్లు వేయాలి. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి. యాభై ఏళ్లు ఒకే గూట్లో అరిగిన సొరుగు మాత్రం ఇంకో గూట్లో సరిగా కూర్చోదు.

సొరుగుల అడుగున దొరికిన సంపదంతా కాగితం మీద పోశారు. తుప్పు పట్టిన గుండుసూదులు, జెమ్ క్లిప్పులు, ఫైళ్లకు కట్టే ట్యాగులు, ఎండిపోయిన స్టాంపు ప్యాడు. ఆ ట్యాగుల్ని చూసి తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకటి తీసుకుని వేలికి చుట్టుకున్నాడు... అలవాటుగా.

పాత రంగు తీయడమే అన్నిటికన్నా కష్టమైన పని, జాగ్రత్తగా చేయాల్సిన పని కూడా. ఆకుపచ్చ గీరితే కింద బూడిద రంగు. అదీ గీరితే ఎర్రటి ప్రైమర్. ఆఫీసుకు సున్నాలు వేసినప్పుడల్లా బల్లకూ ఓ పూత పడుతుండేది కదా! ఆ పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. రంగు త్వరగా ఆరడానికి, మన్నడానికి అప్పట్లో సీసం కలిపేవారు. మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకు ముందు బల్లల మీది రంగును అనుమానించాల్సిందే. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నేల మీద పడి, పాకే పిల్లల చేతులకు అంటుకుంటుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషమది. అందుకే నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్‌తో రుద్దాలి. ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. చాచా ముక్కుకు మాత్రం ఓ చేతిరుమాలే అడ్డం! దాంతో సీసం ధూళి ఆగదు. రోజూ ఇదే పని చేసేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పని ఇచ్చేవాళ్లు రంగుకు ఇచ్చే డబ్బుతోపాటు ఓ మంచి మాస్కూ తెచ్చిస్తే వాళ్లకు చేసే మేలు చిన్నదేం కాదు. ఆ సాయంత్రం తండ్రి చేసిన పని అదే.

రంగు పోయాక తుప్పు వంతు. తీగల బ్రష్‌తో రుద్ది, వదలనిచోట ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే తుప్పు మందు రాస్తారు. అది తుప్పును గట్టి పొరగా మారుస్తుంది. కడిగి, ఎండబెట్టి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ వేసేయాలి. ఒట్టి ఇనుమును రాత్రంతా వదిలేస్తే హైదరాబాద్ వానాకాలపు గాలికి తెల్లారేసరికి మళ్లీ ఎర్రబారుతుంది. అమెరికావాళ్లలా రంగు లేకుండా మెరుపు ఉంచుదామనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతిది. దాని మీద పారదర్శక పూత ఏమాత్రం లేచినా తుప్పు లోపలే పాకుతుంది.

సొట్టల్ని లోపల్నుంచి ఇనుప దిమ్మ ఆనించి, బయటి నుంచి చిన్న సుత్తితో తడుతూ తీస్తారు. మెకానిక్ భాషలో టింకరింగ్. ఒక్క దెబ్బ గట్టిగా పడినా రేకు సాగిపోతుంది. సాగిన రేకు మళ్లీ చదునుగా కూర్చోదు. మిగిలిన గుంటలకు పలచగా లప్పం, మళ్లీ వాటర్ పేపర్. 120 నంబరుతో మొదలుపెట్టి 220, చివరికి 400. అరచేత్తో నిమిరినప్పుడు ఎక్కడా ఏమీ తగలకూడదు. కంటికి కనిపించని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. చాచా కళ్లు మూసుకుని నిమురుతాడు.

డ్యూకోనా... పౌడరా?

రంగుకు రెండు దారులు. ఒకటి స్ప్రే గన్‌తో వేసే డ్యూకో పెయింట్. చకచకా ఆరుతుంది, నునుపుగా వస్తుంది. కాకపోతే ముసురు పట్టిన రోజు వేస్తే తెల్లగా మసకబారుతుంది. అందుకే వానొస్తే చాచాకు పని ఉండదు. రెండోది పౌడర్ కోటింగ్. విద్యుత్తు ఆవేశంతో రంగు పొడిని రేకుకు అంటించి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడి మీద కాలుస్తారు. పొడి కరిగి ఒకే పొరలా పట్టుకుంటుంది. గీతలు అంత త్వరగా పడవు. పది బల్లలున్నవాళ్లకు అది మేలు. ఒక్క బల్ల కోసం ఓవెన్ ఖాళీ చేసి పెట్టేవాళ్లు తక్కువ. పైగా ఆ వేడికి లప్పం పగులుతుంది. కాబట్టి సొట్టలు ఎక్కువున్న బల్లకు డ్యూకోనే దిక్కు.

కొత్త ఫర్నిచర్ తయారీదారులంతా పౌడర్ వైపు వెళ్లిపోయారు. స్ప్రే గన్ పట్టే పాత చేతులకు ఇక మిగిలింది సొట్టలు పడ్డ బళ్లు, ఇలాంటి బల్లలే. వీటిని కాటా ఎక్కించకుండా ఆపితే బతికేది ఇనుము ఒక్కటే కాదు.

పై రేకు మీద లినోలియం ఊడిపోయింది. 1860లలో ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ పదార్థాన్ని అవిసె నూనె, కార్క్ పొడితో చేస్తారు. రాసేటప్పుడు మెత్తగా, చేతికి చల్లదనం తెలియకుండా ఉంటుందని ఇనుప బల్లలకు అతికించేవారు. ఇప్పుడది దొరకడం కష్టం కాబట్టి ఎక్కువమంది సన్‌మైకా అతికిస్తారు. కొందరు పాత పద్ధతిలో అద్దం వేయించుకుంటారు. అద్దం కింద దేవుడి బొమ్మ, ఫోన్ నంబర్లు, పిల్లల ఫొటో పెట్టుకునే ఆ అలవాటు ఏ ఆఫీసులో పనిచేసినవాళ్లకైనా గుర్తుండే ఉంటుంది!

ఇంతకీ గిట్టుబాటేనా?

లెక్క చూద్దాం. బల్లకు 2,400. ఆటోకు 500. సొట్టలు, రంగుకు 3,000. తాళం, కాళ్లకు రబ్బరు బుష్‌లకు 300. పైన సన్‌మైకాకు 800. మొత్తం 7,000 రూపాయలు. ఆ డబ్బుకు కొత్త పార్టికల్ బోర్డు టేబుల్ నేరుగా ఇంటికే వస్తుంది. కూతురు మొదట అన్నదీ అదే. డబ్బు మిగులుతుందని పాత బల్ల కొనేవాళ్లు చాలాసార్లు నిరాశపడతారు. పైగా ఆ బరువు రెండో అంతస్తుకు మోయించాలి. అద్దె ఇంట్లో ఉండి, ఏటా ఇల్లు మారేవాళ్లకు అది భారమే.

మరి ఎందుకు కొనాలి? చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. స్క్రూ ఒకసారి ఊడితే మళ్లీ పట్టదు. అది పాడైతే పారేయాల్సిందే. ఇనుప బల్లకు సొట్ట పడితే తీయొచ్చు, తుప్పు పడితే గీకొచ్చు, రంగు పోతే మళ్లీ వేయొచ్చు. తుక్కుకు వెళ్లినా ఆ ఇనుము వృథా కాదన్నదీ నిజమే. కొలిమిలో కరిగి కడ్డీ అవుతుంది. కానీ కిలో ముప్పై రూపాయలనుకుంటే 60 కిలోల బల్లకు కాటా కట్టే విలువ 1,800 రూపాయలు. ఆ మడతలు వేసిన చేతుల పనికి ఆ లెక్కలో ఒక్క రూపాయీ లేదు. మళ్లీ అలాంటి బల్ల చేయాలంటే కరిగించి, రేకుగా సాగదీసి, కోసి, మడిచి, అతికించి... అంతా మొదటి నుంచి!

ఎనిమిదో రోజున బల్ల సిద్ధమైంది. బూడిద రంగు కావాలంది అమ్మాయి. కింద దాగిన పాత పూత రంగు అదే. సొరుగు వేలితో తోస్తే చాలు, లోపలికి వెళ్లిపోతోంది. పక్క రేకు మీది ఆఫీసు అక్షరాలు రంగుతో పోయాయి. 1974 ఉన్న చోటు మాత్రం అరచేతి మేర పాత ఆకుపచ్చగానే ఉంది. చాచా దాని మీద కాగితం అంటించి చుట్టూ రంగేశాడు. ‘‘ఇది తియ్యాల్నా బిడ్డా?’’ అనడిగాడు.

‘‘వద్దు చాచా, ఉండనీ’’ అంది అమ్మాయి. చాచా తలూపి, పాత రంగు ఊడకుండా దాని మీద పారదర్శక వార్నిష్ ఒక పూత వేశాడు.

నలుగురు మనుషులు, రెండు అంతస్తుల మెట్లు, గోడకు ఒక గీత. బల్ల కిటికీ పక్కన కూర్చుంది. దాని మీద ఇప్పుడు కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, ఓ లాప్‌టాప్. పై సొరుగులో ఓ పాత ట్యాగు. ఏ ఆఫీసులో ఎవరి ఫైళ్లు మోసిందో తెలియని బల్ల మీద, ఆఫీసు ఉద్యోగం కోసమే ఓ అమ్మాయి చదువుకుంటోంది.

ఆ ఆదివారం దాంతోపాటు ఆటోలోంచి దిగిన మిగతా రెండు బల్లలూ మధ్యాహ్నానికే కాటా ఎక్కాయి. వచ్చే ఆదివారం ఇంకో ఆటో వస్తుంది.

కొనేముందు... రంగేసేముందు...

• సంతకు వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం, స్క్రూడ్రైవర్, టేపు వెంట తీసుకెళ్లండి. ఇంటి తలుపు, మెట్ల మలుపు వెడల్పు ముందే కొలుచుకోండి.

• అమ్మేవాళ్లను రసీదు అడగండి. కనీసం ఎక్కణ్నుంచి తెచ్చారో కనుక్కోండి. పొంతన లేని సమాధానం చెబితే ఆ వస్తువు జోలికి వెళ్లొద్దు.

• పాత రంగును పొడిగా గీకొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి రుద్దాలి. గీకిన చెత్తను కాగితంలో చుట్టి, కవర్లో మూటకట్టాలి. పిల్లలు, గర్భిణులు ఆ దగ్గర్లో ఉండకూడదు.

• రంగు తీసే రసాయనాలు ఆరుబయటే వాడాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

• ఒట్టి ఇనుము బయటపడిన రోజే ప్రైమర్ పడాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

• కాళ్లకు రబ్బరు బుష్‌లు వేయించండి. నేల తుడిచిన నీళ్లు తగలకపోతే బల్ల ఇంకో తరం మన్నుతుంది.